సైన్సు క్లబ్బు పెట్టే సార్లకు, మేడములకు కొన్ని ఉల్టా సలహాలు

బడిలో లెక్కల క్లబ్బో సైన్సు క్లబ్బో పెట్టాలనుకునే ఉపాధ్యాయుడికి సలహాలకు కొదవ లేదు. బాగా చదివే పదిమందిని ఏరండి, మంచి మోడల్ ఒకటి చేయించండి, మండల స్థాయికి పంపండి, అక్కడ గెలిస్తే జిల్లాకు, ఆపైన రాష్ట్రానికి. బడికి పేరొస్తుంది, పిల్లల ఫొటో పేపర్లో పడుతుంది, తల్లిదండ్రులు సంతోషపడతారు. సమావేశాల్లో వినిపించేది దాదాపు ఇదే. 2015 జులై 9న అబ్దుల్ కలాం చేతుల మీదుగా మొదలైన రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్ ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు లెక్కలు, సైన్సు మీద ఇష్టం కలిగించాలనుకుంది, బడుల్లో ఈ క్లబ్బులు ఉండాలంది. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లోని చాలా ఉన్నత పాఠశాలల్లో క్లబ్బు పేరు, కమిటీ సభ్యుల పేర్లు గోడ మీదికి ఎక్కాయి. ఆ పేర్ల నుంచి పిల్లల చదువులోకి తొవ్వ ఇంకా సరిగా పడలేదు.

నేను చెప్పబోయేవి ఆ అలవాటైన సలహాలకు ఎదురు నడిచేవి. వినగానే తలకిందులుగా తోస్తాయి. ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నదే.

ఫస్టు వచ్చే పిల్లల్ని ముందుగా చేర్చుకోకండి

క్లబ్బులో ఉన్న పిల్లలకు పదో తరగతిలో మంచి మార్కులు వస్తాయని మనం గర్వంగా చెప్పుకుంటాం. వస్తాయి మరి, మంచి మార్కులు వచ్చేవాళ్లనే కదా క్లబ్బులో వేసింది. నల్లరేగడిలో గట్టి విత్తనం పెట్టి, పంట బాగా వచ్చాక ఎరువు కంపెనీని పొగిడినట్టు ఉంటుంది ఈ లెక్క. క్లబ్బు వల్ల పిల్లలు బాగుపడ్డారా, బాగున్న పిల్లలే క్లబ్బులోకి వచ్చారా? మొక్కకు వెలుతురు కావాలని చూపించడానికి ఒక కుండీని ఎండలో, ఇంకో కుండీని చీకట్లో పెట్టి పోల్చాలని ఏడో తరగతి పిల్లలకు చెప్పేది మనమే. మన క్లబ్బు దగ్గరికి వచ్చేసరికి ఆ రెండో కుండీ ఊసే ఎత్తం.

కాబట్టి చీటీలు వేయండి. ఎనిమిదో తరగతిలో అరవై మంది ఉంటే అరవై పేర్లూ డబ్బాలో వేసి ముప్పై తీయండి. దసరా దాకా ఆ ముప్పై మంది క్లబ్బు, దసరా తర్వాత మిగిలిన ముప్పై మంది. ఇందులో ఎవరికీ అన్యాయం లేదు. దసరా సెలవుల ముందు రెండు జట్ల హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి చూడండి. నోటుబుక్కులు తెరిచి చూడండి. తరగతిలో చెయ్యి ఎత్తి ఎవరు ఎన్ని ప్రశ్నలు అడిగారో ఒక పిల్లవాడికి చెబితే గీతలు పెట్టి లెక్కిస్తాడు. అప్పుడు మీ బడిలో, మీ పిల్లల మీద క్లబ్బు ఏం పని చేసిందో మీకే తెలుస్తుంది. ఎవరి సర్వే కోసమూ ఎదురు చూడనక్కర్లేదు. ఈ చీటీల పద్ధతి లెక్కల క్లబ్బుకు మొదటి పాఠం కూడా అవుతుంది: ఏరి తీసిన గుంపునీ, చీటీ తీసిన గుంపునీ ఒకే గాట కట్టి పోల్చకూడదని పిల్లలకు జన్మలో మరిచిపోలేని విధంగా అర్థమవుతుంది.

చీటీలో ఎవరు వస్తారో చూడండి. తండ్రితో కలిసి మోటరు స్టార్టరు విప్పి బిగించే పిల్లవాడు వస్తాడు. వాడికి పుస్తకంలోని విద్యుత్తు పాఠం రాదు గానీ ఫ్యూజు ఎందుకు పోతుందో తెలుసు. అమ్మ చుట్టే బీడీలకు కార్ఖానా వాళ్లు ఇచ్చే కూలి వెయ్యికి ఇంత అని చొప్పున నోటితో లెక్క కట్టే పిల్ల వస్తుంది. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య పెరిగి, పిక్కుల (అడ్డపోగుల) లెక్క మీద కూలి ఎలా తేలుతుందో వారం వారం ఇంట్లో వింటున్న పోరడు వస్తాడు. పత్తి ఏరే నెలల్లో బడికి రాని పిల్లలూ వస్తారు. క్లబ్బు వల్ల ఎక్కువ మారేది వీళ్లే. ఫస్టు వచ్చే పిల్ల క్లబ్బు లేకున్నా చదువుతుంది, చీటీలో ఆమె వంతు వచ్చినప్పుడు ఆమె కూడా రావాల్సిందే.

మొదటి ఏడాది ఏ ప్రదర్శనకూ పోకండి

ప్రదర్శన తేదీ ఖాయం కాగానే క్లబ్బులో జరిగేది మనకందరికీ తెలుసు. థర్మకోల్ షీటు, రంగులు, ఫెవికాల్ వస్తాయి. నెట్ సెంటర్లో ప్రింటు తీసిన వివరణ వస్తుంది. వాన నీటి సంరక్షణ, అగ్నిపర్వతం, సిరంజీలతో లేచే వంతెన. ఇద్దరు పిల్లలు వివరణను కంఠతా పడతారు. జడ్జి ముందు గడగడా అప్పజెబుతారు. మధ్యలో ఆయన ఒక మాట అడ్డం అడిగితే మళ్లీ మొదటి వాక్యం నుంచి ఎత్తుకుంటారు. ఆ పిల్లల తప్పేం లేదు. మోడల్ పెద్దవాళ్లది, మాట పెద్దవాళ్లది, గొంతు ఒక్కటే వాళ్లది.

పోటీలన్నీ పనికిరానివని నేననడం లేదు. 1993లో మొదలైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెస్ రూపకల్పనలో చాలా మంచి ఆలోచన ఉంది. పది నుంచి పదిహేడేళ్ల పిల్లలు తమ ఊళ్లోని ఒక సమస్యను తీసుకుని, తిరిగి, అడిగి, కొలిచి, పట్టికలు వేసి, తేల్చిన విషయాన్ని చెప్పాలి. మోడల్ అందులో ముఖ్యం కాదు. ఇన్‌స్పైర్ అవార్డు కింద ఎంపికైన ఆలోచనకు పిల్లల ఖాతాలో పదివేల రూపాయలు వేస్తారు, పేదింటి పిల్లకు ఆ మొత్తం తక్కువదేం కాదు. కానీ వీటికి పోవాలంటే ముందు పిల్లల చేతిలో సొంత ప్రశ్న ఒకటి ఉండాలి. అది ఒక ఏడాది ఊరికే తిరిగితే తప్ప పుట్టదు. అందుకే మొదటి ఏడాది పోటీ వద్దు. రెండో ఏడాది పిల్లలే వచ్చి "సార్, మేం దీన్ని పట్కపోతం" అంటే పంపండి. మీరు ఏరి పంపకండి.

జవాబు మీకు తెలిసిన ప్రయోగం పెట్టకండి

లిట్మస్ కాగితం ఎర్రబడుతుందని పిల్లలకు ముందే తెలుసు. మీకూ తెలుసు. ఎర్రబడిందని రికార్డులో రాసేస్తే అయిపోయింది. క్లబ్బులో ఇలాంటివి వద్దు. మీకు కూడా జవాబు తెలియని ప్రశ్న పెట్టండి. మన రెండు జిల్లాల్లో అలాంటి ప్రశ్నలకు కరువు లేదు. ఒకదాన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది పిల్లల ఇళ్లలో డబ్బుకు సంబంధించింది.

ఆదిలాబాద్ మార్కెట్ యార్డులో పత్తి కొనుగోళ్లు మొదలైన ప్రతి ఏడూ తేమ దగ్గర కొట్లాట అవుతుంది. 2024-25 సీజన్లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు ఉండేది, ఆ ఏడాది లెక్కే తీసుకుందాం. తేమ 8 శాతం లోపు ఉంటేనే ఆ ధర పూర్తిగా వస్తుంది. 8 దాటిన ప్రతి శాతానికీ ధరలో ఒక శాతం, అంటే 75 రూపాయల 21 పైసలు కోస్తారు. 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనదు. మీటరు 12 చూపిస్తే నాలుగు శాతం కోత పోగా క్వింటాలుకు చేతికొచ్చేది 7,220 రూపాయల 16 పైసలు. ఇరవై క్వింటాళ్లు తెచ్చిన రైతుకు ఆ ఒక్క మీటరు అంకె మీద పోయేది ఆరువేల పదహారు రూపాయల ఎనభై పైసలు. శాతాలు ఏడో తరగతి పాఠం. ఆ పాఠం చెప్పేటప్పుడు దుకాణంలో పెన్ను కొన్న రాము లెక్కలే ఎందుకు చేయించాలి?

క్లబ్బు దీన్ని ఇలా పట్టుకోవచ్చు. పొద్దున్నే మంచు ఆరకముందు ఏరిన పత్తిని ఒక సంచిలో, అదే చేలో మధ్యాహ్నం ఏరిన పత్తిని ఇంకో సంచిలో, చెరి అరకిలో తేవాలి. కిరాణా దుకాణంలోని తూకం యంత్రం చాలు. వెంటనే తూచాలి, ఎండలో పరిచి సాయంత్రం తూచాలి, రాత్రి ఆరుబయట ఉంచి తెల్లారి తూచాలి, మళ్లీ ఎండబెట్టి తూచాలి. మూడు నాలుగు రోజులు ఇలా చేసి గ్రాఫు గీస్తే పత్తి గాలిలో తేమను పీల్చుకోవడం, వదలడం కాగితం మీద కనిపిస్తుంది. పొద్దుటి సంచికీ మధ్యాహ్నపు సంచికీ తేడా ఎంత? రాత్రి కప్పి ఉంచితే ఎంత, కప్పకుంటే ఎంత? ఎన్ని గంటల ఎండ తర్వాత బరువు తగ్గడం ఆగిపోతుంది? ఎండలో ఆరబెట్టినంత మాత్రాన తేమ మొత్తం పోదు, కాబట్టి పిల్లలకు వచ్చే అంకె మీటరు అంకెతో సరిపోదు. ఎందుకు సరిపోలేదన్న ప్రశ్న ఇంకో నెల పని ఇస్తుంది. ఆ నోటుబుక్కు పట్టుకుని పిల్ల ఇంటికి వెళ్లి "బాపూ, పొద్దున ఏరిన దాన్ని వేరే పెడదాం, కలపొద్దు" అంటే, ఆ ఇంట్లో సైన్సుకు దొరికే గౌరవం ఏ బహుమతితోనూ దొరకదు.

ఇలాంటివే ఇంకొన్ని. రామగుండం జలాశయం మీద ఎన్టీపీసీ 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్ కేంద్రాన్ని కట్టింది, 2022 జులై 1 నుంచి అది పూర్తి స్థాయిలో నడుస్తోంది. పలకలు నీటిని కప్పడం వల్ల ఆవిరి తగ్గుతుందని చెబుతారు. ఎంత తగ్గుతుంది? బడి ఆవరణలో ఒకే కొలత గల రెండు తొట్లు పెట్టి, ఒకదాన్ని సగం రేకుతో కప్పి, స్కేలుతో ప్రతి సాయంత్రం మట్టం కొలిస్తే గోదావరిఖని పిల్లలు తమ కళ్లతో చూడవచ్చు. సగం కప్పితే ఆవిరి సరిగ్గా సగమే తగ్గిందా? వాన పడిన రోజును ఏం చేయాలి? ఆ రెండో ప్రశ్న దగ్గరే అసలు సైన్సు మొదలవుతుంది.

సిర్పూర్ (యు) వైపు చలికాలంలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగుతుంది. అదే పాత ఆదిలాబాద్ జిల్లాలో, కింద గోదావరి వెంబడి, ఎండాకాలం 45 దాటుతుంది. ఒక థర్మామీటరు, ఒక గోడ నీడ, ఒక రిజిస్టరు. రోజూ ఒకే వేళకు రాయాలి. ఇది విసుగు పుట్టించే పని, అందుకే ఇవ్వమంటున్నాను. మూడు నెలలు విడవకుండా ఒక అంకె రాసిన పిల్లకు ఓపిక అలవాటవుతుంది. మధ్యలో రెండు రోజులు మరిచిపోయి పక్క అంకె చూసి ఊహించి రాసిందనుకోండి, అలా రాయకూడదనీ ఖాళీగానే వదలాలనీ నేర్పే అవకాశం మీకు దొరికినట్టే.

పగలనివ్వండి

మన బడుల్లో ప్రయోగశాల తాళం తీయకపోవడానికి కారణం సోమరితనం కాదు, స్టాకు రిజిస్టరు. బీకరు పగిలితే ఎవరు రాయాలి, తనిఖీకి వస్తే ఎవరు జవాబు చెప్పాలి అన్న భయంతో ఫిజికల్ బ్యాలెన్సు అద్దాల పెట్టెలోనే ఏళ్లకేళ్లు ఉండిపోతుంది. పగలని సామాను ఉన్న ప్రయోగశాల వాడని ప్రయోగశాల. పగిలిన వాటికి రిజిస్టరులో వేరే పేజీ పెట్టండి, తేదీ వేసి ప్రధానోపాధ్యాయుల సంతకం తీసుకోండి. ఏడాది చివర ఆ పేజీ ఖాళీగా ఉంటే ఆ ఏడాది క్లబ్బు నడవలేదని నేనైతే అనుకుంటాను. ఆమ్లాలు, మంట, కరెంటు దగ్గర మాత్రం పెద్దవాళ్ల చెయ్యి ఉండాల్సిందే, అక్కడ ఈ సలహా చెల్లదు.

సామాను లేదంటారా? 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు పదహారు మాధ్యమిక బడుల్లో సైన్సును ప్రయోగాలతోనే చెప్పడం మొదలుపెట్టాయి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోనిచ్చేవారు, చేతితో చేసి చూపే పరీక్ష వేరే ఉండేది. తర్వాత అది వందల బడులకు పాకింది. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది, అది ఈ దేశపు పల్లె పిల్లలకు జరిగిన పెద్ద నష్టమని నా అభిప్రాయం. ఆ పని చూడటానికి 1978లో అక్కడికి వెళ్లిన ఇంజినీరు అరవింద్ గుప్తా, సంతలో దొరికే సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు, అగ్గిపుల్లలు కలిపి జామెట్రీ ఆకారాలు చేశారు. త్రిభుజాన్ని నొక్కితే కదలదు, చతురస్రం వంగిపోతుంది. కరెంటు టవర్లకు, సెల్ టవర్లకు త్రిభుజాలే ఎందుకుంటాయో అయిదో తరగతి పిల్లకు చేతి వేళ్లతో అర్థమవుతుంది. ఖర్చు ఒక అగ్గిపెట్టె, పాత ట్యూబు ముక్క. ఇరవై లక్షల అటల్ టింకరింగ్ ల్యాబ్ వచ్చిన బడి అదృష్టమే, రాని బడి మాత్రం అది వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు.

చెడిపోయిన ప్రయోగాన్ని కూడా దాచకండి. 2022 ఆగస్టు 7న ఇస్రో చిన్న రాకెట్ మొదటిసారి ఎగిరినప్పుడు దేశమంతటి నుంచి 750 మంది ప్రభుత్వ బడుల అమ్మాయిలు తయారీలో పాలుపంచుకున్న ఆజాదీశాట్ అందులో ఉంది. ఉపగ్రహాలు సరైన కక్ష్యకు చేరక పోయాయి. 2023 ఫిబ్రవరి 10న రెండో రాకెట్‌లో ఆజాదీశాట్-2 వెళ్లి కక్ష్యలో నిలిచింది. మొదటి ప్రయత్నంలో ఏం చెడిందో దాపరికం లేకుండా వెతికారు గనుకే రెండోది నిలిచింది. క్లబ్బు నోటుబుక్కులో చెడిన ప్రయోగాల పేజీలు చింపడానికి వీల్లేదని మొదటి రోజే చెప్పండి.

లెక్కల క్లబ్బులో వేగం వద్దు

గడియారం పెట్టి గుణకారాలు చేయించడం, షార్టుకట్లు నేర్పడం, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ బిట్లు నింపించడం లెక్కల క్లబ్బు కాదు. అందులో గెలిచేది వేగంగా రాసే పిల్ల, ఆలోచించే పిల్ల వెనకబడుతుంది. నెలకు ఒక్క లెక్క ఇవ్వండి. ఒక్కటే.

ఉదాహరణకు ఇది: వరుసగా వచ్చే సంఖ్యలను కూడితే ఏ ఏ సంఖ్యలు వస్తాయి? 9 అంటే 4+5, ఇంకోలా 2+3+4. 15 మూడు రకాలుగా వస్తుంది: 7+8, 4+5+6, 1+2+3+4+5. రాని సంఖ్యలు ఏవి? పిల్లలు రాసుకుంటూ పోతే 2 రాదు, 4 రాదు, 8 రాదు, 16 రాదు. ఇక్కడ తరగతిలో ఒక అలికిడి మొదలవుతుంది. 32 కూడా రాదేమో అని ఒకరంటారు. ఎందుకు రాదు అన్నది మాత్రం ఆ నెలంతా నలగాలి. మీరు చెప్పకండి. మీకు జవాబు తెలిసినా చెప్పకండి. ఏడో తరగతి పిల్లలకు కూడికలు తప్ప ఇంకేమీ అక్కర్లేని ఈ లెక్కలో బేసి, సరి సంఖ్యల గుట్టంతా ఉంది.

డిసెంబర్ 22న రామానుజన్ పుట్టినరోజును 2012 నుంచి జాతీయ గణిత దినంగా జరుపుతున్నాం. ఉపన్యాసంలో 1729 కథ చెప్పి చప్పట్లు కొట్టిస్తాం. ఈసారి చప్పట్ల బదులు పిల్లలకు పని ఇవ్వండి: రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల చిన్న సంఖ్య 1729 అయితే, రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయగల చిన్న సంఖ్య ఏది? సున్నా వాడొద్దు. ఆరో తరగతి పిల్లలు కూడా 50 దగ్గరికి వస్తారు, నల్లబల్ల మీద వాళ్లే రాస్తారు.

ఇలా నిదానంగా నడిచిన దేశాలకు ఫలితం దక్కింది. హంగరీలో 1894 నుంచి బడి పిల్లల కోసం ఒక లెక్కల పత్రిక వస్తోంది, నెలనెలా లెక్కలు ఇస్తే పల్లెల నుంచి కూడా పిల్లలు పోస్టులో సాధనలు పంపేవారు. సోవియట్ దేశంలో 1930ల నుంచి బడి పిల్లలు, విశ్వవిద్యాలయ విద్యార్థులు కలిసి కూర్చునే లెక్కల బృందాలు నడిచాయి. ఆ రెండు చోట్ల నుంచి వచ్చిన గణిత శాస్త్రవేత్తల పేర్లు ప్రపంచమంతా తెలుసు. మన దగ్గర 1988లో పుట్టిన జనవిజ్ఞాన వేదిక తెలుగు పిల్లల కోసం చెకుముకి పత్రికను, ఆ పేరుతో పోటీలను నడిపింది. బడి గ్రంథాలయంలో ఆ పాత సంచికలు కట్టలుగా ఉంటే దుమ్ము దులిపి క్లబ్బు చేతికి ఇవ్వండి.

ఇంగ్లిష్ అడ్డం పెట్టకండి

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పాఠం ఇంగ్లిష్‌లో సాగుతోంది కాబట్టి క్లబ్బూ ఇంగ్లిష్‌లోనే ఉండాలని కొందరంటారు. వద్దు. క్లబ్బులో తెలుగు కూడా తప్పనిసరి కాదు. ఉట్నూరు, జైనూరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పిల్లలు గోండిలో, కొలామీలో, లంబాడీలో వాదించుకోనివ్వండి. ఆదిలాబాద్ పట్నంలో ఉర్దూ, బేలా వైపు మరాఠీ వినపడుతుంది. పిల్లలు తగువులాడేది ఏ భాషలోనో ఆలోచించేదీ ఆ భాషలోనే. 1943లోనే మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో మర్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది, గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఎనభై ఏళ్ల కిందట నిజాం రాజ్యంలో సాధ్యమైంది ఇప్పుడు ఒక శనివారం పీరియడ్‌లో సాధ్యం కాదా? తేలిన విషయాన్ని చివర్లో ఇంగ్లిష్‌లో రాయించండి, పరీక్షకు కావాల్సిన మాటలు అప్పుడు వస్తాయి.

హైదరాబాద్ విహారయాత్రతో మొదలుపెట్టకండి

బస్సు మాట్లాడి పిల్లల్ని బిర్లా సైన్సు మ్యూజియానికి తీసుకెళ్లడం మంచిదే, కానీ అక్కడ నిలబెట్టిన డైనోసార్ అస్థిపంజరం ఎక్కడిదో తెలుసా? పాత ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. ప్రాణహిత-గోదావరి లోయలోని జురాసిక్ కాలపు రాళ్లలోంచి భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాళ్లు తవ్వి తీసిన ఎముకలు అవి. ఆ సంస్థలో పనిచేసిన యాదగిరి 1988లో దాన్ని శాస్త్ర లోకానికి పరిచయం చేస్తూ కోటసారస్ యమన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. మన మంచిర్యాల పిల్లలు తమ ఊరి జంతువును చూడటానికి రాజధానికి టికెట్టు కొనుక్కుని పోతున్నారు, అది తమదని తెలియకుండానే. ముందు ఆ లోయకు తీసుకెళ్లండి. రాతి పొరలు చూపించండి, బొమ్మ గీయించండి, ఏదీ తవ్వొద్దని గట్టిగా చెప్పండి. వింత రాయి కనిపిస్తే ఫొటో తీసి సర్వేక్షణ సంస్థకు రాయించండి. ఆ తర్వాత హైదరాబాద్ వెళ్తే ఆ అస్థిపంజరం ముందు పిల్లలు నిలబడే తీరే వేరుగా ఉంటుంది.

ఇంకో అలవాటు సంగతి. ఆడపిల్లల చేత చార్టులు రాయించకండి. చేతిరాత బాగుంటుందని రికార్డు వాళ్లకిచ్చి, స్క్రూడ్రైవరు మగపిల్లలకిచ్చే అలవాటు మన బడుల్లో పాతుకుపోయింది. కస్తూర్బా విద్యాలయాల్లో అమ్మాయిలే అన్నీ చేస్తారు కాబట్టి అక్కడ ఈ బాధ లేదు. మిగతా చోట్ల ఒక నియమం పెట్టండి: ఈ వారం రాసినవాళ్లు వచ్చే వారం విప్పి బిగించాలి.

ఎదురు మాట్లాడనివ్వండి

పిల్లలు పెద్దలకు ఎదురు చెప్పకూడదని ఇంట్లో, బడిలో నేర్పుతాం. క్లబ్బులో మాత్రం సారు చెప్పింది తప్పేమో అని అనగలిగే చోటు ఉండాలి. సారు "నాకు తెల్వదు, చూద్దాం పట్టు" అనగలగాలి. ఇది బడి గోడల దగ్గర ఆగే సంగతి కాదు. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన ఘటనలు మన పల్లెల్లో జరిగాయి. వానాకాలం ఏజెన్సీలో జ్వరాలు ముసిరితే ముందు దవాఖానకు పోకుండా మంత్రగాడి దగ్గరికి పోయే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఇంటి వెనక డ్రమ్ములో దోమ పిల్లల్ని లెక్కపెట్టి, వారం తర్వాత డ్రమ్ము కడిగించి మళ్లీ లెక్కపెట్టిన పిల్ల, అమ్మతో "అవ్వా, ఎవరూ ఏం చెయ్యలే, ఈ నీళ్లల్లనే ఉంది" అని గట్టిగా అనగలదు. నా దృష్టిలో క్లబ్బు ఇచ్చే విజయాల్లో అన్నింటికన్నా పెద్దది ఇదే. ర్యాంకు కన్నా పెద్దది.

ఇక మార్కుల సంగతి. తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. పదో తరగతి మార్కులతోనే బాసర ట్రిపుల్ ఐటీ సీటు వస్తుంది, ప్రభుత్వ బడిలో చదివిన పిల్లకు అక్కడ కొంత అదనంగా కలుపుతారు. ఎనిమిదో తరగతిలో రాసే ఉపకార వేతన పరీక్ష ఎన్ఎంఎంఎస్‌లో నెగ్గితే ఇంటర్ దాకా ఏటా పన్నెండు వేల రూపాయలు. ఇవన్నీ పేదింటికి ప్రాణం లాంటివి. క్లబ్బులో చేరితే ఇవి వస్తాయని మాత్రం మాట ఇవ్వకండి. మాట ఇచ్చిన మరుక్షణం క్లబ్బు ట్యూషన్ అయిపోతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: పుస్తకంలో యథాతథంగా లేని ప్రశ్న వస్తే మీ పిల్ల కలం కింద పెట్టదు, కాసేపు కుస్తీ పడుతుంది. ఎన్ఎంఎంఎస్‌లో సగం మార్కులు తర్కం, సంఖ్యల వరుసల మీదే ఉంటాయి, అక్కడ ఈ కుస్తీ అక్కరకు వస్తుంది. అంతర్గత మూల్యాంకనంలో ప్రాజెక్టుకు ఇచ్చే అయిదు మార్కులు నెట్ సెంటర్ ప్రింటుకు కాకుండా సొంత నోటుబుక్కుకు పడతాయి. ఇంతవరకే చెప్పండి.

చివరగా వేళ సంగతి. బడి అయ్యాక క్లబ్బు పెట్టకండి, ఇది చాలా ముఖ్యం. సాయంత్రం బస్సు తప్పితే పక్క ఊరి పిల్లలు చీకట్లో నడవాలి, ఆడపిల్లల్ని ఇంట్లో మళ్లీ పంపరు. అదనపు గంట పెడితే చివరికి మిగిలేది బడి ఉన్న ఊరి మగపిల్లలే. టైం టేబుల్‌లోనే, శనివారం చివరి రెండు పీరియడ్లు క్లబ్బుకు ఇవ్వండి. సిలబస్ వెనకబడుతుందని సహోపాధ్యాయులు అంటారు. వారానికి రెండు పీరియడ్లు పోయినందుకు వెనకబడే సిలబస్, అవి ఉన్నా ముందుకు పోదు.

ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే ఎనిమిదో తరగతి పేర్లతో చీటీలు రాయించండి, ప్రయోగశాల తాళంచెవిని సైన్సు ఉపాధ్యాయుడి చేతికి ఇచ్చేయండి, టైం టేబుల్‌లో శనివారం గడిలో క్లబ్బు అని రాసి సంతకం పెట్టండి. ఇందుకు పై నుంచి ఏ ఉత్తర్వూ రానక్కర్లేదు.